యాసంగి వరికి నీళ్లెన్ని, యూరియా ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ వరి చుట్టూనే తిరిగాయి. సాగర్ ఎడమ కాలువ కింది రైతులు ఎరువుల గురించి అడిగారు. దేవరకొండ, కల్వకుర్తి వైపు వాళ్లకు బోర్ల బెంగ. కోస్గి నుంచి మాత్రం ఒకరు గోధుమ గురించి అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఒక్కటే బోరు, రెండంగుళాల నీళ్లు. నిరుడు యాసంగిల నాలుగెకరాలు నాటేస్తే మార్చి ఆఖరుకు సగం ఎండిపాయె. ఈసారి ఎన్నెకరాలు నాటాలె? ఇంకో బోరు ఏస్తే నయమా? (దేవరకొండ)

రెండంగుళాలు అనేది పైపు లెక్క. నీళ్ల లెక్క వేరే తీయాలి. మోటారు రెండు గంటలు ఆగకుండా నడిచాక 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. మోటారు వేసిన వెంటనే కొలిస్తే రాత్రంతా బోరులో ఊరిన నీళ్లు కూడా కలిసి లెక్క తప్పుతుంది. డ్రమ్ము 80 సెకన్లకు నిండితే గంటకు 9,000 లీటర్లు. పది గంటలు నడిపితే 90 వేలు.

ఇక ఖర్చు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలవాలంటే సుమారు 4,050 లీటర్లు కావాలి. ఫిబ్రవరిలో వరి మడి నుంచి ఎండకు, ఆకుల ద్వారా రోజుకు 5, 6 మిల్లీమీటర్లు పోతాయి. చెలక నేలలో ఇంకా 4, 5 మిల్లీమీటర్లు కిందికి ఇంకుతాయి. మొత్తం పది అనుకుంటే ఎకరానికి రోజుకు 40 వేల లీటర్లు. అంటే మీ బోరు ఫిబ్రవరిలో రెండెకరాలకు సరిగ్గా సరిపోతుంది. మార్చి ఆఖరుకు ఎండ పెరుగుతుంది, బోరులో నీళ్లు తగ్గుతాయి. పొట్ట, ఈనిక సరిగ్గా ఆ రోజుల్లో పడితే నీళ్లు చాలవు. కాబట్టి ఎకరంన్నర నాటండి. నాలుగెకరాలు నాటి సగం ఎండబెట్టుకుంటే ఆ రెండెకరాల దున్నకం, నాటు కూలి, ఎరువు, అన్నిటికీ మించి అప్పటిదాకా తోడిన నీళ్లు పోయినట్టే.

ఇంకుడు ఎంతో మీరే చూడొచ్చు. నిండా నీళ్లున్న మడిలో గీతలు గీసిన కర్ర పాతి, సాయంత్రం ఆరుకూ పొద్దున ఆరుకూ మట్టం చూడండి. అటు మోటారు నడవొద్దు, పక్క మడి నుంచి నీళ్లు రావొద్దు. రాత్రి తగ్గింది దాదాపు అంతా ఇంకుడే. దాన్ని రెండింతలు చేస్తే రోజు లెక్క వస్తుంది. రాత్రి ఒక్కదానికే సెంటీమీటరు దాటి దిగిందంటే అది వరి వేసే మడి కాదు. ముందు ఒడ్ల పక్క ఎండ్రికాయ బొక్కలు మాత్రం చూసుకోండి, చాలాసార్లు నీళ్లు పోయేది అక్కడే.

మిగిలిన రెండున్నర ఎకరాల్లో బోరు నీళ్లు అందినంత మేర వేరుశనగ మేలు. తుంపర్ల కింద రోజుకు 4, 5 మిల్లీమీటర్లు చాలు. కాకపోతే నవంబరు దాటితే ఆలస్యం. అదును తప్పితే జనవరి ఆఖర్లో నువ్వులు వేసుకోండి. అవి ఇంకా తక్కువ నీటితో వస్తాయి.

కొత్త బోరు సంగతి. మన కింద ఉన్నది గ్రానైటు. పైన మెత్తబడిన మొరం పొరలోనే నీళ్లు నిలుస్తాయి. దాని కింద రాతి పగుళ్లు దొరికితేనే నీళ్లు, లేకుంటే దుమ్ము. పక్కనే ఇంకో బోరు వేస్తే చాలాసార్లు అదే పగులు నీళ్లను రెండు మోటార్లు పంచుకుంటాయి. కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే ఆటో స్టార్టరు ఉంటే తీసేయండి. 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక, మడి నిండి ఒడ్డు దాటి పారుతున్నా మోటారు తెల్లార్లూ నడవడానికి కారణం ఆ చిన్న డబ్బానే.

ప్రశ్న: మడి ఆరబెట్టి తడిపితే నీళ్లు మిగులుతాయని, పైపు పాతమని చెప్పిన్రు. పైపు ఎట్లా చేయాలె? ఆరబెడితే దిగుబడి తగ్గదా? (నాంపల్లి, హాలియా)

నాలుగు నుంచి ఆరంగుళాల వెడల్పున్న పాత పీవీసీ పైపు అడుగు పొడవు ముక్క కోయండి. కింది అర్ధ అడుగుకు చుట్టూ పెన్సిలు పట్టేంత రంధ్రాలు రెండంగుళాలకు ఒకటి చొప్పున పొడవండి. రంధ్రాలున్న భాగం మొత్తం మట్టిలోకి, మిగతా అర్ధ అడుగు పైకి వచ్చేట్టు మడిలో దింపి, లోపలి మట్టిని చేత్తో తీసేయండి. పైపు లోపలి నీటి మట్టం, బయట మట్టం ఒకటిగా ఉంటే సరిగ్గా దిగినట్టు. వేరేగా ఉంటే రంధ్రాలు మూసుకుపోయాయి, తీసి కడిగి పెట్టాలి. ఒడ్డు పక్కన, నీళ్లు పారే మడవ దగ్గర, మరీ పల్లంలో పెట్టొద్దు. మడిలో సగటు ఎత్తున్న చోట, చేయి అందే దూరంలో ఉండాలి. ఎకరానికి రెండు చాలు.

నాటు వేసిన రెండు వారాలు మామూలుగా రెండు వేళ్ల మందం నీళ్లుంచండి. నాటు పచ్చబడేదీ, కలుపు మొలవకుండా ఆగేదీ అప్పుడే. ఆ తర్వాత రెండంగుళాలు పెట్టి వదిలేయండి. పైపులో నీళ్లు మట్టి మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ పెట్టండి. పైన మడి ఆరినట్టు, సన్న పర్రెలు కూడా వేసినట్టు కనిపిస్తుంది. భయపడాల్సింది లేదు, వేర్లు ఉన్న చోట తడి ఉంది. ఇలా చేస్తే సాధారణంగా నూటికి 15 నుంచి 30 పాళ్ల నీళ్లు మిగులుతాయి, గింజ తగ్గదు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన మట్టిలో గాలి లేక పుట్టే మీథేన్ కూడా దాదాపు సగానికి పడిపోతుంది.

దిగుబడి తగ్గేది రెండు సందర్భాల్లో. ఒకటి, ఈనిక సమయంలోనూ ఆరబెడితే. పూత ముందు వారం, తర్వాత వారం రెండంగుళాల నీళ్లు ఉండి తీరాలి, లేకపోతే తాలు గింజలే. రెండు, నల్లరేగడిలో 15 సెంటీమీటర్లు దాటి వదిలేసి పెద్ద పర్రెలు పడనిస్తే. తర్వాత పెట్టిన నీళ్లన్నీ ఆ పర్రెల్లోంచి కిందికి పోతాయి, అప్పటిదాకా ఆదా చేసిందంతా ఒక్క తడిలోనే పోతుంది. నల్లరేగడిలో పైపు పది సెంటీమీటర్లు చూపినప్పుడే పెట్టడం మంచిది. చౌడు మడుల్లో ఈ పద్ధతి వద్దు, ఆరినప్పుడు ఉప్పు పైకి తేలుతుంది.

కాలువ కింద వారబందీ, అంటే వంతుల వారీ నీళ్ల మీద ఉన్నవాళ్లకు ఇది మరో రకంగా పనికొస్తుంది. వంతు తప్పిన రోజుల్లో పైపు చూస్తే కంగారు పడాలో వద్దో తెలుస్తుంది.

ప్రశ్న: ఎకరానికి యూరియా నాలుగు బస్తాలు ఏస్తున్నం. పదేండ్ల కింద రెండు ఏసినప్పుడు కూడా ఇంతే పండింది. తగ్గిస్తే పంట తగ్గుతదని దుకాణంల అంటున్నరు. ఏం చేయాలె? (త్రిపురారం, నిడమనూరు)

మీ అనుమానమే నిజం. 120, 125 రోజుల రకానికి ఎకరాకు 48 కిలోల నత్రజని, 20 నుంచి 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ సరిపోతాయి. బస్తాల్లో చూద్దాం. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది. చాలామంది లెక్క వేయని నత్రజని ఇదే. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలు రెండుకు కాస్త తక్కువ. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు. ఇంతే. నాలుగు బస్తాల యూరియా, ఒక డీఏపీ అంటే 92 కిలోల నత్రజని పోస్తున్నారు. దాదాపు రెట్టింపు.

ఆ అదనం ఎటు పోతుంది? నిండు నీళ్లలో మధ్యాహ్నం చల్లిన యూరియా అమ్మోనియాగా మారుతుంది. ఎండకు నాచు పెరిగిన నీళ్ల క్షార గుణం పెరిగి, ఆ అమ్మోనియా వాయువుగా గాల్లోకి లేస్తుంది. కొంత నైట్రేటుగా మారి భూగర్భ జలంలోకి, కొంత నైట్రస్ ఆక్సైడుగా పైకి పోతుంది. ఇది బొగ్గుపులుసు వాయువు కంటే 270 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. పైరుకు అందేది చల్లినదాంట్లో మూడో వంతు, మహా అయితే నలభై పాళ్లు. అందింది ఎక్కువైనా నష్టమే. ఆకు నల్లగా, మెత్తగా, దట్టంగా పెరిగి సుడిదోమకు, పాముపొడకు, మెడవిరుపుకు ఇల్లవుతుంది. కోతకు ముందు గాలివాన వస్తే పడిపోతుంది. సాంబ మసూరి లాంటి సన్నాలు వేసేవాళ్లకు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ.

ఇట్లా వేయండి. డీఏపీ మొత్తం, పొటాష్ సగం ఆఖరి దమ్ములో. యూరియా మూడు సమాన భాగాలు: నాటిన పది పదిహేను రోజులకు, దుబ్బు కట్టేటప్పుడు, చిరుపొట్టకు. మిగతా పొటాష్ కూడా చిరుపొట్టకే. చిరుపొట్ట ఎప్పుడో రోజులు లెక్కపెట్టుకోవడం కంటే కర్ర చీల్చి చూడటం నయం. పెద్ద పిలక మొదలు నుంచి నిలువుగా బ్లేడుతో చీలిస్తే కణుపు పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి ఈక లాంటి కొస కనిపిస్తుంది. అదే అదును. అది దాటాక యూరియా చల్లితే గింజకు కాదు, పురుగుకు.

చల్లే ముందు నీళ్లు తీసేసి మడి బురద పదునులో ఉంచండి. సాయంత్రం పూట చల్లి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టండి. నీళ్లతో పాటు యూరియా మట్టిలోకి దిగుతుంది. పైపు పద్ధతి పాటిస్తే, మడి ఆరి నీళ్లు పెట్టబోయే ముందు రోజు చల్లడమే సరైన అదును.

ఆకు రంగు పట్టీ (లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ రంగులకు అంకెలు వేసిన పట్టీ) దొరికితే ఇంకా నమ్మకంగా చేయొచ్చు. పొద్దున ఎనిమిది పదింటి మధ్య, మీ నీడ ఆకు మీద పడేట్టు నిలబడి, పూర్తిగా విచ్చిన లేత ఆకులు పది చూడండి. వాటిలో ఆరు 4వ రంగు కన్నా పాలిపోతే యూరియా వేయాలి, లేకపోతే వేయొద్దు. సాంబ మసూరి ఆకు సహజంగానే లేత రంగు, దానికి 3 చూసుకోవాలి.

నమ్మకం కుదరకపోతే మొత్తం పొలంతో పందెం కాయొద్దు. పది గుంటల మడి ఒకటి వేరు చేసి అందులో అర బస్తాకు మించకుండా యూరియా మూడు దఫాలుగా వేయండి. పక్క పది గుంటల్లో మీ అలవాటు ప్రకారం వేయండి. కోత మిషనుతో రెంటినీ వేర్వేరుగా కోసి, వేర్వేరు బస్తాల్లో తూకం వేయండి. ఒడ్లతో పాటు తాలు కూడా చెరిగి తూచండి, తేడా అక్కడే కనిపిస్తుంది.

డీఏపీ గురించి ఒక మాట. నాటిన నెలకు రెండోసారి డీఏపీగానీ 28-28 కాంప్లెక్స్ ఎరువు గానీ వేయడం మానుకోండి. భాస్వరం మట్టిలో కదలదు, పై నుంచి వేస్తే వేరుకు అందదు. పైగా ఏళ్ల తరబడి పేరుకున్న భాస్వరం జింకును బిగిస్తుంది. మొక్క పైనుంచి మూడు నాలుగో ఆకులో మధ్య ఈనె పాలిపోయి, ఆకు మీద ఇటుక రంగు చుక్కలు వచ్చి, ఆకు పెళుసుగా విరుగుతుంటే అది జింకు లోపం. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేయాలి, డీఏపీతో కలపొద్దు. పైరు మీద కనిపిస్తే లీటరుకు 2 గ్రాములు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ సగానికి తగ్గించండి. ఎడమ కాలువ కింద ఏటా రెండు పంటలు పండే నేలల్లో ఈ పరీక్ష చేయించకుండా డీఏపీ వేయడం డబ్బు దండగ.

ప్రశ్న: అర లీటరు నానో యూరియా సీసా ఒక బస్తాకు సమానమా? (నకిరేకల్)

సీసా మీద నత్రజని 4 శాతం అని ఉంటే అర లీటరులో ఉన్నది 20 గ్రాములు. బస్తాలో ఉన్నది 20 కిలోల పైచిలుకు. ఆకు మీద పడింది నేలలో వేసినదాని కన్నా బాగా పడుతుంది, నిజమే. కానీ వెయ్యింతల తేడా ఆ పనితనంతో పూడదు. చిరుపొట్ట దశలో పైరు పాలిపోయి, నేలలో వేసే వీలు లేనప్పుడు ఆసరాగా వాడుకోండి. మొదటి రెండు దఫాల యూరియా మానేసి దీన్ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: కోత మిషను పోయినంక గడ్డి కాలబెట్టకుంటే దున్నుడు కాదు. అగ్గి పెట్టొద్దంటే ఏం చేయాలె? (మిర్యాలగూడ, హుజూర్‌నగర్)

టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి అనుకున్నా 30 కిలోల పైగా పొటాషియం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సగమే పొటాషియం గనక ఇది బస్తా కన్నా ఎక్కువే. కాలబెడితే నత్రజని, గంధకం పొగలో పోతాయి. పొటాషియం బూడిదలో మిగిలినా మొదటి వానకు కొట్టుకుపోతుంది. ఇదంతా లెక్క. దీనికి మించి, ఒడ్డు మీది తాటిచెట్లు మాడిపోతాయి, పక్క పొలం స్టార్టరు డబ్బా, పైపులు అంటుకుంటాయి, రోడ్డు మీద పొగకు బండ్లు గుద్దుకుంటాయి.

యాసంగి కోత తర్వాత మీకు కావలసినంత టైము ఉంది. సాగర్ కాలువకు నీళ్లు వచ్చేది చాలా ఏళ్లలో జులై ఆఖరు, ఆగస్టులోనే. మిషను డ్రైవరుకు ముందే చెప్పి మొదలు దాకా కోయించండి. ఎత్తుగా కోసి వదిలిన కొయ్యకాళ్లే తర్వాత ఇబ్బంది. పశువులున్నవాళ్లకు, కట్టలు కట్టే మిషను దొరికేవాళ్లకు గడ్డి తీసేయడం సులువు. లేనివాళ్లు తొలకరికి నేల తడవగానే రోటవేటరు కొట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 10 కిలోల యూరియా చల్లండి. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. ఆ కాస్త యూరియా ఇవ్వకపోతే అవి నేలలో ఉన్నది లాక్కుంటాయి, తర్వాత నాటు పసుపు పచ్చబడుతుంది. సూపర్ వేసినందుకు ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవాలి.

అదే తడిలో జీలుగ ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చల్లితే ఇంకా మంచిది. నలభై అయిదు రోజులకు, పూత వచ్చే ముందు కలియదున్నితే పైరు యూరియాలో పావు వంతు తగ్గించుకోవచ్చు. పూత దాటితే కాడ నార తేలి చక్రాలకు చుట్టుకుంటుంది. చౌడు మడులకు జీలుగే, నీళ్లు నిలవని చెలకకు జనుము.

అసలు చిక్కు వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య. నెల కూడా దొరకదు. అప్పుడు పచ్చి గడ్డిని కరిగెటలో తొక్కి వారానికే నాటు వేస్తే, నీళ్లు నిలిచిన మట్టిలో అది పులిసి ఆమ్లాలు, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గ్యాసు పుడతాయి. నాటు లేవదు. మొక్క పీకితే వేరు నల్లగా ఉంటుంది. దాన్ని చూసి ఇంకా యూరియా చల్లేవాళ్లున్నారు. చేయాల్సింది నీళ్లు తీసి మడి ఆరబెట్టడం. మూడు వారాల ఎడం లేని చోట గడ్డి బయటికి తీయడమే దారి, మొదళ్లు మాత్రమే దున్నండి.

ప్రశ్న: సుడిదోమకు మూడుసార్లు మందు కొట్టినా ఆగలేదు, కొట్టిన కొద్దీ పెరిగింది. మందు కల్తీదా? (పెబ్బేరు)

కల్తీ కూడా కావచ్చు. కానీ ముందు ఏ మందు కొట్టారో చూడాలి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి కొడితే దోమను తినే మిరిడ్ నల్లులు, సాలీళ్లు ముందు చస్తాయి. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. వారానికి పిల్లలు రెట్టింపుగా లేస్తాయి. కొట్టిన కొద్దీ పెరగడం అంటే ఇదే.

దుబ్బును కొద్దిగా వంచి మొదట్లో తట్టి నీళ్ల మీద పడ్డ దోమలు లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తర్వాత 20 నుంచి 25 ఉంటేనే మందు. ముందుగా నీళ్లు తీసేసి మడి రెండు మూడు రోజులు ఆరబెట్టండి, ఒక్కోసారి మందు అవసరమే ఉండదు. కావాలంటే పైమెట్రోజిన్ లీటరుకు 0.6 గ్రాములు, లేదా డైనోటెఫ్యూరాన్ 0.4 గ్రాములు. మందు దుబ్బు మొదలుకు తగలాలి. పై నుంచి ఆకు మీద కొట్టింది దోమకు చేరదు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు లేనిదే మొదలు తడవదు. రెండోసారి అదే మందు వద్దు.

వచ్చే నాటుకు రెండు మీటర్లకు ఒక కాలిబాట, 20 సెంటీమీటర్ల వెడల్పుతో, తూర్పు పడమరలుగా తీయండి. మందు కొట్టే మనిషి దాంట్లో నడుస్తాడు, గాలి వెలుతురు మొదట్లోకి పోతాయి. బాటల కింద పోయే చోటును చూసి బాధపడేవాళ్లు ఎక్కువ. బాట పక్క దుబ్బులు ఎక్కువ పిలకలు వేసి చాలావరకు పూడ్చేస్తాయి.

ప్రశ్న: వరి నీళ్లు మింగుతుంది కదా. పంజాబ్ లెక్క మన దగ్గర యాసంగిలో గోధుమ వేస్తే? (కోస్గి)

గోధుమకు నీళ్లు తక్కువే, వరికి కావలసిన దాంట్లో మూడో వంతు సరిపోతుంది. మనకు లేనిది చలి. గింజ పాలు పోసుకునే నెల రోజులు పగలు పాతిక డిగ్రీల దరిదాపుల్లో ఉంటే గింజ నిండుతుంది. ముప్పై దాటిన కొద్దీ పంట తొందరగా పండిపోయి గింజ సన్నబడుతుంది. నవంబరు మొదట్లో విత్తినా పాలమూరులో ఆ దశ జనవరి ఆఖరు, ఫిబ్రవరిలో పడుతుంది. అప్పటికే ఎండ ముదురుతుంది. 2022 మార్చిలో ఎండ ముందుగా ముదిరితే పంజాబ్, హర్యానాల్లోనే గింజ ముడుచుకుపోయి, మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. అక్కడి ఎకరాకు 20 క్వింటాళ్లు మన దగ్గర ఆశించడం కుదరదు.

పంజాబ్ దారి మరో విధంగా కూడా చూడాలి. భూగర్భ జలం పడిపోతోందని 2009లో చట్టం చేసి వరి నాట్లను జూన్ 10 దాకా ఆపారు. నీళ్లు మిగిలాయి, కానీ కోత వెనక్కి జరిగి గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే మిగిలాయి. గడ్డి తగలబెట్టడం అందుకే పెరిగింది. దానికి వాళ్లు కనుక్కున్న మందు హ్యాపీ సీడర్. గడ్డిని కోసి ఎత్తి, దున్నకుండానే గోధుమ విత్తి, ఆ గడ్డినే పైన పరిచే మిషను అది. అక్కడ గోధుమలో యూరియా తగ్గించే పద్ధతులు కూడా మనకు పైన చెప్పిన ఆకు రంగు పట్టీ లాంటివే. నీళ్లలో మాత్రం తేడా ఉంది. గోధుమకు విత్తిన 21వ రోజు తడి తప్పితే మిగతా తడులన్నీ పెట్టినా లాభం లేదు, కిరీట వేర్లు పుట్టేది అప్పుడే.

ఇంటి మందం పండించుకోవాలనుకుంటే కర్ణాటక ధార్వాడ వైపు వేసే పొట్టు గోధుమ, ఖప్లి, కాస్త వేడిని తట్టుకుంటుంది. డీడీకే 1029, హెచ్‌డబ్ల్యూ 1098 ఆ రకాలే. అయిదారు గుంటల్లో వేసి చూడండి. పొట్టు తీసే మిల్లు దగ్గర్లో ఉందో లేదో ముందే కనుక్కోండి, మామూలు నూర్పిడికి ఆ పొట్టు ఊడదు. అమ్మకానికి అయితే మీ నల్లరేగడికి శనగ, పచ్చజొన్న ఉండగా గోధుమ దాకా పోవాల్సిన పని లేదు.

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లతో పండిన బియ్యం తినొచ్చా? పొలం గట్టిబడిపోతోంది, దానికి ఇదే కారణమా? (మర్రిగూడ)

వరి పీల్చుకున్న ఫ్లోరైడ్ ఎక్కువగా వేరులో, ఆ తర్వాత ఆకుల్లో ఆగుతుంది. గింజలోకి చేరేది తక్కువ. బియ్యం కన్నా ఆ బియ్యం వండే నీళ్లను చూసుకోవాలి. తాగడానికే కాదు, అన్నం, పప్పు, చాయ్‌కి కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు వంటింట్లోకి రావొద్దు.

పొలం గట్టిబడటానికి కారణం వేరే, కానీ రెంటికీ మూలం ఒకటే. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై, కాల్షియం తక్కువైన నీళ్లలోనే గ్రానైటు నుంచి ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. అదే సోడియం మట్టి రేణువులను విడగొట్టి పైన అట్ట కట్టిస్తుంది. నీళ్ల పరీక్షలో మిగులు సోడియం కార్బొనేట్ అనే అంకె చూడండి. 1.25 లోపు ఉంటే బెంగ లేదు. 2.5 దాటితే జిప్సం వేయకుండా ఆ నీళ్లు పెట్టొద్దు. ఎంత వేయాలో మట్టి పరీక్ష చెబుతుంది, ఊరికే అందాజాగా బస్తాలు పోయొద్దు. జిప్సం చల్లి పైపైన కలియదున్ని, వాన నీళ్లు గానీ చెరువు నీళ్లు గానీ రెండు మూడు రోజులు నిలబెట్టి బయటికి తీసేయాలి. తీసేయకపోతే సోడియం మడిలోనే ఉండిపోతుంది. పరీక్షకు సీసా నింపే ముందు మోటారు అరగంట నడపండి. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా నిండా పట్టి మూత బిగించి, మరుసటి రోజుకల్లా కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మీకు దగ్గరి పరీక్ష కేంద్రంలో గానీ ఇవ్వండి.